పిల్లలు బట్టలు మార్చుకుంటున్నారు, పట్టుపావడ పాడై తిరిగొచ్చింది. ఎలా మాట్లాడాలి?

కుందలహళ్లి అమ్మ:

అందరికీ నమస్తే. మేం బెంగళూరులో కుందలహళ్లి దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. మా పాపకి పదకొండేళ్లు. పై అంతస్తులో దాని ఈడు పిల్లే ఇంకొకతె ఉంది. స్కూళ్లు వేరు, కానీ సాయంత్రం ఐదయ్యిందంటే ఇద్దరూ ఒకటే జట్టు. ఏడాదిగా బట్టలు కూడా మార్చుకుంటున్నారు. దీని టీషర్టు అది, దాని స్కర్టు ఇది. నాకు ముచ్చటగానే ఉండేది. ఉన్నది ఒక్క కూతురు, అక్కో చెల్లో ఉంటే ఇలాగే కదా అనుకునేదాన్ని.

పోయిన నెల నవంబర్ 1న కన్నడ రాజ్యోత్సవం. ఆ పిల్ల స్కూల్లో పసుపు, ఎరుపు బట్టలు వేసుకుని రమ్మన్నారట. మా పాప నన్ను అడక్కుండా తన పట్టుపావడ తీసిచ్చేసింది. పసుపు పావడ, ఎర్ర అంచు. అది కొన్నది కాదు. హిందూపురంలో ఉండే మా అమ్మ, తనకి నాన్న కొనిచ్చిన ధర్మవరం చీర కత్తిరించి తన మిషన్ మీద తనే కుట్టింది. పిల్ల పెరిగేకొద్దీ విప్పుకోవచ్చని అంచుకి పైన లోపలివైపు రెండు టక్కులు పెట్టింది. వరమహాలక్ష్మి పూజకి ఒక్కసారే వేసుకుంది పాప.

పది రోజుల తర్వాత కవర్లో పెట్టి పంపారు. టక్కులు రెండూ విప్పేసి ఉన్నాయి. వాషింగ్ మెషీన్‌లో వేసినట్టున్నారు, అంచు రంగు దిగి పసుపు మీద గులాబీ చారలు పడ్డాయి. జరీ మెరుపు పోయింది. చేత్తో నిమిరితే జారే బట్ట ఇప్పుడు గరుగ్గా తగులుతోంది. మంచం మీద పరిచి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఆ పిల్ల వాళ్లమ్మ మంచి మనిషి. కన్నడవాళ్లు, నన్ను అక్కా అని పిలుస్తుంది. నాకు జ్వరం వచ్చిన రెండు రోజులూ మా పాపకి టిఫిన్ పెట్టి బస్సెక్కించింది. అడిగితే పిల్లల స్నేహం చెడుతుందేమోనని టెన్షన్. అడక్కపోతే లిఫ్టులో ఎదురుపడినప్పుడల్లా నా మనసు అక్కడికే పోతోంది. ఏం చేయమంటారు? మా అమ్మకి ఎలా చెప్పాలో కూడా తెలీడం లేదు.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి:

అడగండి. కానీ వాట్సాప్‌లో వద్దు. ఫోటో తీసి పంపితే నిలదీసినట్టుంటుంది. పావడ చేత్తో పట్టుకుని పైకెళ్లండి.

అంతకంటే ముందు ఒక మాట, తప్పుగా అనుకోవద్దు. ఈ పావడ ఎవరికీ ఇవ్వకూడదని మీ పాపకి ఎప్పుడైనా చెప్పారా? దాని లెక్కలో టీషర్టూ బట్టే, పావడా బట్టే. మాకు ఇద్దరు ఆడపిల్లలు. బీరువాలో పై అర నాది. పట్టువి, పెద్దవాళ్లు పెట్టినవి అక్కడే ఉంటాయి. కింది అరలోవి ఎవరికిచ్చుకున్నా అడగను, చిరిగి వచ్చినా అడగను. అలా చెప్పాక మా ఇంట్లో గొడవ లేదు.

డబ్బు మాట ఎత్తకండి. వాళ్ల పాప బట్టలు మీ ఇంట్లో ఏమున్నాయో కూడా చూసి, ఉతికి, ఇస్త్రీ చేసి వెంట తీసుకెళ్లండి.

ధర్మవరం కోడలు:

ముందు ఆ చారల మీద నిమ్మరసం, ఉప్పు, బ్లీచ్ ఏవీ రుద్దకండి. బ్లీచ్ పట్టుని తినేస్తుంది. పట్టు దారం మన జుట్టులాగే ప్రొటీన్, సబ్బు పొడిలోని క్షారం దానికి పడదు. మీకు గరుగ్గా తగులుతున్నది అందుకే. చిక్‌పేటలో పట్టుచీరలకి పాలిష్ చేసేవాళ్లున్నారు, ఒకసారి చూపించండి. బట్ట కాస్త తేరుకోవచ్చు. దిగిన ఎరుపు పూర్తిగా పోతుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

మా ఊరి చీరలకే కాదు, పావడలకి కూడా భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది. ధర్మవరం చేనేత పట్టు చీరలు, పావడలు అనే నమోదు చేశారు. చీర బీరువాలో మడతల మీద చిరిగిపోకుండా మనవరాలి ఒంటి మీదకి వచ్చింది, మీ అమ్మగారు ఎంత మంచి పని చేశారో.

ఇద్దరు పిల్లల నాన్న:

పావడ సంగతి ఆడవాళ్లు చెప్పారు. నేను ఇంకొకటి చెప్తాను. మా వాడు క్రికెట్ జట్టులో జెర్సీలు మార్చుకునేవాడు. ఇంట్లో అందరికీ గజ్జి పట్టింది. అది ఎక్కువగా ఒంటికి ఒళ్లు తగిలి వచ్చేదే, కానీ బట్టల ద్వారానూ రావచ్చు. ఆ పురుగు ఒంటి నుంచి బయటపడ్డాక మామూలుగా రెండు మూడు రోజులకి మించి బతకదని డాక్టర్ చెప్పారు. అందుకని ఇప్పుడు బయటి నుంచి వచ్చిన బట్ట వేడినీళ్లలో ఉతకాలి, లేదా కవర్లో మూటకట్టి కనీసం మూడు రోజులు పక్కన పెట్టాలి. అప్పుడే వేసుకోవాలి. మార్చుకోవద్దని మాత్రం పిల్లలకి చెప్పలేదు.

కుందలహళ్లి అమ్మ:

నిన్న సాయంత్రం వెళ్లాను. ముందు మా పాప అర వెతికితే ఆ పిల్లవి జీన్స్ జాకెట్టు, రెండు టీషర్టులు, ఒక లెగ్గింగ్ దొరికాయి. జాకెట్టు రెండు నెలలుగా మా ఇంట్లోనే ఉంది, మోచేతి దగ్గర పెయింట్ మరక. ఆ మరక చూశాక నా కోపం సగం దిగింది.

పావడ చూపించగానే ఆవిడ ముఖం వాడిపోయింది. మా పాప ఇచ్చేటప్పుడు "పాతదే ఆంటీ, నాకు పొట్టి అయిపోతోంది" అని చెప్పిందట. వాళ్లమ్మాయి పొడుగు, అందుకని రాత్రి కూర్చుని టక్కులు విప్పి, కింద అంచు చేత్తో కుట్టింది. నేను ఆ కుట్లు అప్పటిదాకా చూడనే లేదు. బియ్యపు గింజంత సమానంగా ఉన్నాయి. మెషీన్‌లో వేసింది పనమ్మాయట, మామూలు బట్టల్లో కలిపేసింది. "అక్కా, మా అమ్మ చీర అయ్యుంటే నేను మీలా ఇంత నెమ్మదిగా అడగలేకపోయేదాన్ని" అంది. శనివారం ఇద్దరం చిక్‌పేటకి వెళ్తున్నాం.

పాపతో కూడా మాట్లాడాను. అది అవ్వ చీర అని దానికి తెలుసు, ఇవ్వకూడదని తెలీదు. నేనే చెప్పలేదు. కాసేపు ఏడ్చింది. పై అర ఖాళీ చేశాం.

రాత్రి అమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పాను. తిడుతుందనుకున్నా. టక్కులో దాగిన బట్ట రంగు ఎలా ఉందని అడిగింది. అక్కడా చారలున్నాయని చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "రవికెకి మిగిలిన పసుపు ముక్క నా పెట్టెలో ఉందిలే. సంక్రాంతికి వచ్చేటప్పుడు తెస్తా. ఆ పొడుగు పిల్ల నడుము కొలత కూడా తీసి ఉంచు" అంది.