మే నెలలో రెండే రోజులుంటే: వెర్సాయా, జివెర్నీయా, ఇంకోటా?

బాటసారి
పిల్లల వేసవి సెలవుల్లో, మే రెండో వారంలో పారిస్‌లో ఉంటాం. రెండు రోజులు తోటలకు పెట్టుకున్నాం. నలుగురు పెద్దవాళ్ళు, ఇద్దరు పిల్లలు. ఒకరికి మోకాళ్ళ నొప్పి, కంకర మీద ఎక్కువ దూరం నడవలేరు. కారు తీసుకోం, రైళ్ళే. ట్రావెల్స్ వాళ్ళు వెర్సాయ్ రాజభవనం, జివెర్నీలో చిత్రకారుడు మోనే తోట కలిపి ఒకే రోజు ప్యాకేజీ ఇస్తామంటున్నారు. తెలిసినవాళ్ళలో ఒకరు వెర్సాయ్ మానేసి వో-లె-వికోంత్ కోటకి వెళ్ళమంటే, ఇంకొకరు విలాండ్రీ కోట తోట చూడకపోతే ఫ్రెంచ్ తోట చూడనట్టే అన్నారు. దేనికి ఓటేస్తారు? కారణం కూడా చెప్పండి.

నీలికలువ
మే రెండో వారం అన్నారు కాబట్టి ముందు జివెర్నీ ఖాయం చేసుకోండి. ఆ తోట ఏప్రిల్ 1 నుంచి నవంబర్ 1 దాకానే తెరుస్తారు. ఆ ఏడు నెలల్లోనూ ఏ వారానికి ఆ వారం తోట రూపమే మారిపోతుంది. ఏప్రిల్లో తులిప్‌లు. మే మొదటి సగంలో దారుల పక్కన ఐరిస్‌లు బారులు తీరి పూస్తాయి, చెరువు మీది జపనీస్ వంతెన పందిరికి విస్టీరియా గుత్తులు దిగుతాయి, గట్ల మీద అజాలియాలు ఉంటాయి. గులాబీలు మే నెలాఖరుకి గానీ అందుకోవు.

ఒక్క మాట ముందే చెప్పాలి. అందరూ ఊహించుకునే కలువలు అప్పటికి పూయవు. ఆకులు మాత్రం నీటి మీద పరుచుకుని ఉంటాయి. పూత జూన్ చివర మొదలై జూలై, ఆగస్టుల్లో నిండుగా వస్తుంది. అప్పుడు కూడా పొద్దున విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుంటాయి. కలువల కోసమే అయితే మే నెల సరైన నెల కాదు. తోట కోసమైతే మే నెలను మించింది లేదు.

మోనే 1883లో ఆ ఊరికి వచ్చాడు, చెరువు తవ్వించిన స్థలం 1893లో కొన్నాడు. చలిని తట్టుకునే రంగు కలువల సంకర రకాలను లాతూర్-మార్లియాక్ నర్సరీ 1889 పారిస్ ప్రదర్శనలో పెట్టింది. ఆయన తెప్పించుకున్నది ఆ నర్సరీ నుంచే. అంటే అక్కడ చూసేది ప్రకృతి సహజమైన చెరువు కాదు, ఒక చిత్రకారుడు బొమ్మ గీసుకోవడానికి కట్టించుకున్న చెరువు. ఈ సంగతి మనసులో పెట్టుకుని చూస్తే వంతెన ఎక్కడుంది, ఏ చెట్టు నీడ నీటిలో ఎక్కడ పడుతుంది అన్నదాని మీదకి కళ్ళు వెళ్తాయి.

రైలుకూత
ఆ ప్యాకేజీ మాత్రం వద్దండి. రెండూ పారిస్‌కి పడమటి వైపే ఉన్నా రైలు దారులు వేరు. జివెర్నీకి సాన్-లజార్ స్టేషన్ నుంచి వెర్నోన్ దాకా 50 నిమిషాలు, అక్కణ్ణించి షటిల్ బస్సులో మరో పావుగంట, ఇరవై నిమిషాలు. వెర్సాయ్‌కి ఆర్‌ఈఆర్ సి అనే శివారు లైను రైలు. ఒకే రోజు రెండూ అంటే టూరు బస్సే గతి. పొద్దున జివెర్నీలో రెండు గంటలు తిప్పి, భోజనం పెట్టించి, మధ్యాహ్నం వెర్సాయ్ భవనంలోకి పంపిస్తారు. తోటకి మిగిలే సమయం టెర్రస్ మీద ఫోటో దిగడానికి సరిపోతుంది, అంతే. ప్యాకేజీలో "వెర్సాయ్" అంటే భవనమా, తోటా, రెండూనా అని రాతపూర్వకంగా అడగండి.

ఆర్‌ఈఆర్ సి విషయంలో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ఆ లైను చివర కొమ్మలుగా చీలుతుంది. బోర్డు మీద "వెర్సాయ్ షాతో రివ్ గోష్" అని ఉన్న రైలే ఎక్కాలి. అక్కడ దిగితే గేటుకి పది నిమిషాల నడక. మోంపర్నాస్ నుంచి వచ్చే ఎన్ లైను "వెర్సాయ్ షాంతియే"లో దింపుతుంది, నడక ఎక్కువ. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి మొదటిదే మేలు.

కొలబద్ద
నేను వెర్సాయ్‌కి ఓటు వెయ్యను. వెర్సాయ్ తోట వేసిన లె నోత్ర్ పనితనం అర్థం కావాలంటే వో-లె-వికోంత్‌కే వెళ్ళాలి. ఆర్థిక మంత్రి ఫూకే కట్టించుకున్న కోట ఇది. 1661 ఆగస్టు 17న అక్కడ రాజు పద్నాలుగో లూయీకి విందు ఇచ్చాడు, సెప్టెంబర్ 5న అరెస్టయ్యాడు. భవన శిల్పి లె వో, చిత్రకారుడు లె బ్రాన్, తోట వేసిన లె నోత్ర్, ముగ్గురినీ రాజు వెర్సాయ్ పనికి పెట్టుకున్నాడు. కాబట్టి మూలం వో, దాన్ని పెంచి కట్టింది వెర్సాయ్.

ఇక్కడ చూడాల్సింది దూరంతో చేసిన కనికట్టు. కోట మెట్ల మీద నిలబడితే నీటి తొట్ల వెనకాలే రాతి గుహలు ఆనుకుని ఉన్నట్టు కనిపిస్తాయి. నడుస్తుంటే గుహలు వెనక్కి జరుగుతున్నట్టుంటుంది. దగ్గరికి వెళ్ళాక మీకూ గుహలకీ మధ్య అడ్డంగా ఓ పెద్ద కాలువ బయటపడుతుంది. నేల వాలు వల్ల పైనుంచి అది ఒక్క చుక్క కూడా కనపడదు. దూరంగా ఉన్న తొట్లని కావాలనే పెద్దవిగా తవ్వించాడు, కంటికి దగ్గరి వాటితో సమానంగా ఆనడానికి. కాలువ చుట్టి అవతలి గట్టు ఎక్కి వెనక్కి తిరిగితే చదరపు తొట్టిలో మొత్తం కోట ప్రతిబింబం పడుతుంది. పదేళ్ళు దాటిన పిల్లలకి ఇది పాఠంలా కాదు, ఆటలా ఉంటుంది. వెర్సాయ్‌లో జనం మధ్య ఇలాంటివి గమనించే తీరిక దొరకదు.

కంకరదారి
కొలబద్ద గారూ, తోట గురించి మీరన్నది అక్షరాలా నిజం. కానీ అడిగినవారి పరిస్థితికి అది కుదరదు. మీరు చెప్పిన కనికట్టు అర్థం కావాలంటే ఆ కాలువ దాటి అవతలికి, మళ్ళీ వెనక్కి నడవాలి. అంతా కంకర, ఎండ, నీడ తక్కువ. పైగా కోట ముందు బాక్స్‌వుడ్ పొదలతో వేసిన ముగ్గులు తెగులు పట్టి, పురుగు పట్టి పాడైతే 2019లో పీకేసి ఆ స్థానంలో తాత్కాలికంగా అల్యూమినియం రిబ్బన్లు పరిచారు. పాత ఫోటోలు చూసి వెళ్ళేవాళ్ళు ఇది తెలుసుకుని వెళ్ళాలి. స్టేషన్ నుంచి కోటకి షటిల్ అన్ని రోజులూ ఉండదు, ఫౌంటెన్లు కూడా కొన్ని శనివారాల్లోనే.

వెర్సాయ్‌ని తీసిపారేసేవాళ్ళలో చాలామంది ఫౌంటెన్లు లేని రోజు వెళ్ళినవాళ్ళే. తోట గొప్పతనం నడిదారిలో లేదు, పక్కన చెట్ల గోడల మధ్య దాగిన "బోస్కే" అనే గదుల్లో ఉంది. మామూలు రోజుల్లో వాటిలో చాలా వాటికి తాళం. ఫౌంటెన్లు ఆడించే రోజుల్లో తెరుస్తారు: ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా శని, ఆదివారాలు, మే, జూన్‌లలో మంగళవారాలు కూడా. ఆ రోజుల్లో తోటకి విడిగా టికెట్టు. పారిస్ మ్యూజియం పాస్ భవనానికి చెల్లుతుంది గానీ ఈ టికెట్టుకి చెల్లదు, గేటు దగ్గర గొడవ పడేది ఇందుకే. తక్కిన వారం రోజుల్లో కొన్నిసార్లు "మ్యూజికల్ గార్డెన్స్" అని పెడతారు. బోస్కేలు తెరుస్తారు, సంగీతం ఉంటుంది, నీళ్ళు మాత్రం ఉండవు.

నీళ్ళు రోజంతా ఎందుకు వదలరంటే, పద్నాలుగో లూయీ కాలంలోనే సరిపోయేవి కావు. సేన్ నది మీద 14 చక్రాల మార్లీ యంత్రం కట్టి 1684 నుంచి నీళ్ళు ఎత్తిపోసినా చాలలేదు. రాజు నడిచొస్తుంటే తోటలో మనుషులు ఈల వేసి సంకేతమిచ్చేవారు. ఆయన రాగానే ఒక ఫౌంటెన్ తెరిచి, దాటగానే మూసేవారు. ఇప్పటికీ ఎక్కువ భాగం ఎత్తు మీది జలాశయాల నుంచి వాలు మీద వచ్చే నీళ్ళే, అందుకే సమయాలు కట్టుదిట్టంగా ఉంటాయి. గేటు దగ్గర ఇచ్చే కాగితంలో ఏది ఎన్నింటికో చూసుకుని దారి వేసుకోండి.

మోకాళ్ళ విషయం: లటోనా ఫౌంటెన్ దగ్గర మెట్లు దిగొద్దు, రెండు పక్కలా వాలుదారులున్నాయి. అపోలో తొట్టి దాకా దిగితే మళ్ళీ ఎక్కుడు. ఉత్తరపు టెర్రస్ దగ్గర చిన్న రైలుబండి ఎక్కితే త్రియానోన్ అనే చిన్న రాజభవనాలకీ, పెద్ద కాలువకీ తీసుకెళ్తుంది. ఆ కాలువ పొడవు 1,670 మీటర్లు, చుట్టూ నడవాలని అనుకోవద్దు. త్రియానోన్ భవనాలు మధ్యాహ్నం 12కి గానీ తెరవరు.

కొలబద్ద
షటిల్ సంగతి ఒప్పుకుంటాను. దగ్గరి పట్టణం మెలన్‌లో రైలు దిగి టాక్సీ ఎక్కి ఆరుగురు పంచుకుంటే అంత భారం కాదు, పెద్ద బండి ముందే మాట్లాడుకోవాలి. పెద్దవాళ్ళు టెర్రస్ మీదే కూర్చోవచ్చు, నడిచేది పిల్లలూ మిగతావాళ్ళూ. శనివారం వెర్సాయ్‌లో పడే జనసమ్మర్దం చూశాక నా మాటకు విలువ తెలుస్తుంది.

కూరమడి
విలాండ్రీ ఒక్క రోజులో అసాధ్యమని అందరూ అనేస్తారు, కాదు. మోంపర్నాస్ నుంచి టూర్స్ పట్టణానికి టీజీవీ అనే వేగపు రైల్లో గంటా పావు. అక్కణ్ణించి 17 కిలోమీటర్లు. బస్సు సీజన్లోనే, అదీ తక్కువ. టాక్సీ మాట్లాడుకోవాలి, తిరుగు ప్రయాణానికి కూడా అప్పుడే సమయం చెప్పేయాలి. ఊళ్ళో అప్పటికప్పుడు టాక్సీ దొరకదు.

ఆ కష్టానికి ఫలితం అక్కడి కూరగాయల తోట. కొలత ఒకటే, గీత మాత్రం దేనికదే వేరైన తొమ్మిది చదరపు మడులు. హుయాకీన్ కార్వాయో అనే స్పెయిన్ వైద్యుడు భార్య ఆన్ కోల్‌మన్‌తో కలిసి 1906లో కోట కొని, దాని చుట్టూ రినైసాన్స్ (పునరుజ్జీవన కాలం) నాటి పద్ధతిలో తోటని మళ్ళీ నిలబెట్టాడు. ఏటా రెండు పంటలు: మార్చి నుంచి జూన్ దాకా ఒకటి, జూన్ నుంచి అక్టోబర్ దాకా రెండోది. దాదాపు 40 రకాల కూరగాయలు ఎనిమిది కుటుంబాలకి చెందినవి. ఏ కుటుంబం ఏ మడిలో అన్నది ఏటా మారుతుంది, నేల సారం తగ్గకుండా, వేరు తెగుళ్ళు పేరుకోకుండా. పంట మార్పిడి తెలిసిన రైతు ఎవరికైనా ఆ లెక్క చూడగానే పట్టుబడుతుంది. అది అందంగానూ ఉండాలి, ఆకు రంగుల కూర్పు కూడా కుదరాలి, అదీ కష్టం. 2009 నుంచి సేంద్రియ పద్ధతిలోనే చేస్తున్నారు.

మేలో వెళ్తే వసంతపు పంట చేతికొచ్చే దశలో ఉంటుంది: లెట్యూస్, ముల్లంగి, బఠాణీ. జూన్ మధ్యలో మాత్రం వెళ్ళొద్దు. పాత పంట పీకి కొత్త నారు నాటే రోజులవి, మడులు మట్టిగా కనిపిస్తాయి. ముందు పై మట్టానికి ఎక్కి చూడండి, కింద నడిస్తే ముగ్గు తెలియదు.

నీలికలువ
కూరమడి గారూ, టూర్స్ వెళ్ళి రావడానికి ఆరుగురికి ఎంతవుతుందో చెప్పకుండా విలాండ్రీ పేరు ఎత్తడం న్యాయం కాదు. టీజీవీ టికెట్లు ఆలస్యంగా కొంటే ధర పెరిగిపోతుంది. టూర్స్ చుట్టుపక్కలి లోయిర్ కోటలు చూడ్డానికి రెండు రాత్రులు ఎలాగూ అక్కడ ఉండేవాళ్ళకైతే తప్పక వెళ్ళమంటాను. పారిస్ మాత్రమే అనుకున్నవాళ్ళకి చెప్పను.

రైలుకూత
తేదీల మీద ఒక హెచ్చరిక. మే 1, మే 8 అక్కడ సెలవులు. ఈస్టర్ ఆదివారాన్ని కలుపుకుని 40వ రోజున, గురువారం నాడు, మరో పండగ సెలవు వస్తుంది. అది చాలా ఏళ్ళు మే రెండు, మూడు వారాల్లో పడుతుంది. జనం శుక్రవారం కూడా సెలవు పెట్టుకుని నాలుగు రోజులు తిరుగుతారు. మీ వారంలో అది పడిందేమో క్యాలెండర్ చూడండి. పడితే జివెర్నీకి మంగళ, బుధవారాల్లో ఏదో ఒకటి ఎంచుకోండి, గురువారం నుంచి ఆదివారం దాకా వద్దు. ముందుగా సమయం పెట్టుకుని టికెట్టు కొనాలి, పొద్దున 8 గంటల ప్రాంతపు రైలు పట్టాలి. జివెర్నీలో ఇంటి ముందు మధ్యదారి సందర్శకులకి మూసి ఉంటుంది, పక్క దారులు ఇరుకు. చక్రాల కుర్చీ అయితే పొద్దున్నే వెళ్ళడం తప్పనిసరి. చెరువు వైపుకి రోడ్డు కింద నుంచి సొరంగ మార్గంలో దాటాలి.

బాటసారి
అందరికీ కృతజ్ఞతలు. మా వారంలో ఆ గురువారం పడింది. మంగళవారం వెర్సాయ్, బుధవారం జివెర్నీ అనుకుంటున్నాం. ఇంకో ప్రశ్న: మా అన్నయ్యవాళ్ళు దసరా సెలవులకి, మా చెల్లెలు సంక్రాంతికి వెళ్దామనుకుంటున్నారు. వాళ్ళకీ ఇదే వర్తిస్తుందా?

కంకరదారి
మంగళవారం వెర్సాయ్ భవనం కిక్కిరిసి ఉంటుంది, ఎందుకంటే సోమవారం దానికి సెలవు, మంగళవారం పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియానికి సెలవు. తోట ముందు చూసి, భవనానికి మధ్యాహ్నం ఆఖరి సమయాల్లో టికెట్టు తీసుకోండి.

దసరా అయితే విలాండ్రీకే నా ఓటు, గుమ్మడికాయలూ క్యాబేజీలూ నిండుగా ఉండే సమయం. జివెర్నీలో డాలియాలుంటాయి, మధ్యదారిని నాస్టర్షియం తీగ కమ్మేసి ఉంటుంది. వెర్సాయ్ ఫౌంటెన్లు అక్టోబర్ చివరి దాకా ఆడతాయి. సంక్రాంతికి జివెర్నీ మూత, వెర్సాయ్‌లో ఫౌంటెన్లు ఆడించరు, పాలరాతి విగ్రహాలకి చలి నుంచి కాపాడే గుడ్డలు కప్పి ఉంటాయి, నారింజ చెట్లు పెట్టెల్లో సహా ఆరెంజెరీ అనే చలికాలపు భవనం లోపలికి వెళ్ళిపోయి ఉంటాయి. జనవరిలో వచ్చేవాళ్ళు తోటల కోసం రోజు పెట్టుకోవద్దు. పారిస్‌లోనే ఉన్న ట్యూలరీస్ తోటలో గంటసేపు తిరిగితే చాలు. అదీ లె నోత్ర్ దిద్దిందే. ఆకులు రాలాక దారుల గీతలు ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి.