వాల్-ఓ-మాట్ చూపించిన పార్టీకి ఓటేయొచ్చా?

గోదారి_పిల్ల
2024లో నాకూ మా ఆయనకీ జర్మన్ పౌరసత్వం వచ్చింది. 2025 ఫిబ్రవరి 23న పార్లమెంటు ఎన్నికల్లో మొదటిసారి ఓటేశాం. ఎవరికి వేయాలో తేలక, ఆఫీసులో అందరూ చెప్పారని వాల్-ఓ-మాట్ తెరిచాం. తెలియనివాళ్లకి: ఇక్కడి ప్రభుత్వ పౌర విద్యా సంస్థ 2002 నుంచి నడుపుతున్న క్విజ్ అది. 38 వాక్యాలు వస్తాయి. ఒప్పుకుంటాను, ఒప్పుకోను, తటస్థం అని నొక్కుకుంటూ పోవాలి, లేదా వదిలేయొచ్చు. చివర్లో ఏ పార్టీతో ఎంత శాతం కలిసిందో చూపిస్తుంది.

సోఫాలో చెరో ఫోనూ పట్టుకుని చేశాం. నాకు పైన వచ్చిన పార్టీ పేరే అంతకుముందు వినలేదు. ఆయనకి పైన వచ్చినదాన్ని ఆయన జన్మలో నమ్మడు. మళ్లీ చేయమన్నాను. రెండు జవాబులు మారాయి, వరసే తారుమారైంది. అభిప్రాయం మారి కాదు, ఆ రెండు వాక్యాలూ రెండోసారి సరిగ్గా చదివాడంతే! ఇలాంటిదాన్ని నమ్మి ఓటేయడం ఏంటని నా గోల. మీరేమంటారు?

మ్యూనిక్_మావ
అమ్మాయ్, దాని మీద నింద వేయకు. అది ఓటు సిఫార్సు కాదని వాళ్లే రాసిపెట్టారు. ఇది లేనప్పుడు మనవాళ్లు ఎలా వేసేవారు? వాట్సాప్ ఫార్వర్డులు చూసి, పక్క సీటు వాడిని అడిగి. జవాబులు పార్టీలే పంపుతాయి, ప్రతిదాని కింద కారణం కూడా రాస్తాయి. శాతం చూసి ఫోను మూసేస్తే ఆ తప్పు క్విజ్‌దా?

లెక్కల_మాస్టారు
బాబాయ్, కారణాలు చదివేవాళ్లు ఎంతమంది? జనం చూసేది శాతమే. ఆ శాతం ఎలా వస్తుందో చెప్తా వినండి. మీ జవాబూ పార్టీ జవాబూ ఒకటైతే 2 మార్కులు, ఎదురెదురైతే సున్నా. ఒకరు తటస్థమై ఇంకొకరు అవునో కాదో అంటే 1. మొత్తం 38కీ తటస్థం నొక్కి చూడండి. ఒక్క పార్టీ కూడా 50 శాతం కిందికి పోదు. అందరికంటే పైన ఎవరుంటారో తెలుసా? ఎక్కువ ప్రశ్నలకి ఎటూ తేల్చకుండా తటస్థం అని పంపినవాళ్లు! గోడ మీద పిల్లికి ప్రతి ఇంట్లోనూ సగం పాలు పోసే లెక్క ఇది.

ఇంకోటి. ముఖ్యమైన వాక్యానికి రెట్టింపు విలువ ఇవ్వొచ్చు, అంతకుమించి లేదు. "ఈ ఒక్క మాట అన్న పార్టీకి చచ్చినా వేయను" అనుకునేవాడికి అందులో దారి లేదు. ఉక్రెయిన్‌కి ఆయుధాలు, హైవేల మీద వేగ పరిమితి, రెండూ ఒకే తక్కెడలో ఒకే బరువు.

పైగా 80కి పైగా వాక్యాలు పార్టీలకి పంపి, పార్టీల మధ్య తేడా బాగా కనిపించేవి 38 ఏరతారు. పార్టీలన్నీ ఒకే మాట మీద ఉన్న విషయం, అది మీకు ఎంత ముఖ్యమైనా, రాలిపోతుంది.

పెరుగన్నం
రెండో పౌరసత్వం కొనసాగాలా అని కూడా ఒక వాక్యం ఉంది చూశారా. మనల్ని ఇండియా ఎలాగూ ఉంచుకోనివ్వదు. పాస్‌పోర్ట్ సరెండర్ చేసి ఓసీఐ కార్డు తెచ్చుకున్నవాళ్లం. అయినా ఆ నొక్కుడికీ మార్కులు పడతాయి :)

నా అసలు బాధ వేరే. రాజ్యాంగంలో అప్పుల మీద ఉన్న పరిమితి ఉంచాలా అన్న వాక్యానికి సీడీయూ-సీఎస్‌యూ అనే సంప్రదాయవాద కూటమి అవునంది. నేనూ అవునన్నాను, మార్కులు కలిశాయి, ఓటు పడింది. నెల తిరక్కుండా మార్చి 18న అదే కూటమి మద్దతుతో పార్లమెంటులో రాజ్యాంగ సవరణ. రక్షణ ఖర్చుకి మినహాయింపు, పైగా మౌలిక సదుపాయాలకని 50,000 కోట్ల యూరోల నిధి.

మ్యూనిక్_మావ
పరిమితి తీసేయలేదు బాబూ, మినహాయింపులిచ్చారు.

పెరుగన్నం
అంతేలెండి. గేటు ఉంది, పక్కన గోడ లేదు.

హెల్సింకి_చలి
మీ చర్చంతా పార్టీల మీదే. ఇక్కడ ఫిన్‌లాండ్‌లో ఓటు నేరుగా ఒక అభ్యర్థి నంబరుకే వేయాలి. పెద్ద నియోజకవర్గమైతే వందల్లో నిలబడతారు. ఇక్కడి ప్రభుత్వ ప్రసార సంస్థ యూలే 1996లోనే ఇలాంటి క్విజ్ పెట్టింది. అభ్యర్థులే స్వయంగా జవాబులిస్తారు. అంతమందిలో పదిమందిని వడకట్టుకోవాలంటే నాకు ఇంకో దారి లేదు. ఒకే పార్టీ వాళ్లు ఇద్దరు ఒకే ప్రశ్నకి ఎదురెదురు జవాబులివ్వడం కూడా అందులోనే చూశాను.

లెక్కల_మాస్టారు
మీది వడపోత, ఒప్పుకుంటా. జర్మనీలో దీన్ని ర్యాంకుల్లా చదువుతున్నారు. 2019లో వోల్ట్ అనే చిన్న పార్టీ కోర్టుకెళ్లింది గుర్తుందా? ఒకసారికి ఎనిమిది పార్టీలతోనే పోల్చుకోవాలంటే జనం తెలిసిన పెద్ద పార్టీలనే ఎంచుకుంటారు, మాకు అన్యాయం అని. యూరోపియన్ ఎన్నికలకి ఆరు రోజుల ముందు కొలోన్ కోర్టు సరేనంది, సైటు ఆగిపోయింది. రాజీ కుదిరి మళ్లీ తెరిచారు. తెర మీద ఎన్ని గళ్లు పెట్టాలన్నదే అంత గొడవైంది మరి.

ఇక మన ఊళ్లో ఇలాంటిది పెడితే? పొద్దున ఒక కండువా, సాయంత్రం ఇంకో కండువా. క్విజ్ పూర్తయ్యేలోపు అభ్యర్థి పార్టీ మారిపోతాడు.

గోదారి_పిల్ల
హహ. మాస్టారూ, ఆ సగం మార్కుల సంగతి మా ఆయనకి చదివి వినిపించాను. "అందుకే నాకు ఆ దరిద్రం పైకొచ్చింది" అని తెగ సంబరపడ్డాడు.

ఒకటి చెప్పడం మర్చిపోయా. మా బ్యాలెట్‌లో రెండు ఓట్లు. రెండోది పార్టీకి, మొదటిది మా నియోజకవర్గం మనిషికి. ఆ మొదటి ఓటు గురించి వాల్-ఓ-మాట్ ఒక్క ముక్క చెప్పదు. శనివారం సంత దగ్గర వానలో గొడుగు కింద నిలబడ్డ ఒకావిడని, మా చిన్నదానికి కిండర్‌గార్టెన్ సీటు ఎందుకు దొరకట్లేదని అడిగాను. "అది బెర్లిన్ చేతిలో ఉండేది కాదండీ, రాష్ట్రం, నగరం చూసుకోవాలి. నేను గెలిచినా నేరుగా ఏమీ చేయలేను" అంది. ఓటు కోసం నిలబడి అలా చెప్పిన మనిషిని నేను ఎక్కడా చూడలేదు. మొదటి ఓటు ఆవిడకే వేశాను.

ఓడిపోయిందనుకోండి. ఆవిడ పార్టీ నా క్విజ్‌లో పదకొండో స్థానం.