అప్‌డేట్: అమ్మమ్మ సంవత్సరీకం పూజలో మాట్లాడాను

పోయిన నెల అడిగాను కదా, అమ్మమ్మ పోయి ఏడాదవుతోంది, మా క్యాథలిక్ గుడిలో (చర్చిలో) పూజ అయ్యాక 3 నిమిషాలు మాట్లాడమన్నారు, ఏం చెప్పాలో తెలియట్లేదని. "పుట్టింది, పెళ్లయింది, అయిదుగురు పిల్లలు" అని జాబితా చదవకు, ఒక్క సంగతి పట్టుకో అన్నారు మీలో చాలామంది. అదే చేశాను.

జపమాల గురించి చెప్పాను. రోజూ రాత్రి ఏడింటికి కరెంటున్నా లేకున్నా ఇంటిల్లిపాదీ మోకాళ్ల మీద ఉండాల్సిందే, మేం పిల్లలం నిద్రకు తూగుతుంటే మంగళవార్త జపం (మరియమ్మకు చేసే ప్రార్థన) మధ్యలోనే అమ్మమ్మ తొడ మీద గిల్లి, జపం మాత్రం ఆపేది కాదు. జపమాల చెప్తూ తలుచుకునే ఏసు, మరియమ్మల జీవిత ఘట్టాలను దేవరహస్యాలంటాం, మొదట అవి పదిహేను. 2002లో రెండో జాన్ పాల్ పోప్ గారు గురువారానికి వెలుగు దేవరహస్యాలని ఇంకో అయిదు కొత్తగా కలిపారు కదా, "నాకొచ్చినవి పదిహేనేరా, మరియమ్మకు ఇవి చాలు" అని చివరిదాకా గురువారం పాత పద్ధతిలో సంతోష దేవరహస్యాలే చెప్పింది. ఇది చెప్పగానే గుడంతా నవ్వు, ఫాదర్ గారు కూడా.

ఫిబ్రవరి 11న మరియమ్మ తిరునాళ్లకు విజయవాడ గుణదల కొండకు ఏటా తీసుకెళ్లడం, నాకు అక్కడ గుండు చేయించడం కూడా రాసుకున్నాను కానీ అక్కడికొచ్చేసరికి గొంతు పూడుకుపోయింది, కాగితం మడిచేసి దిగిపోయా. అమ్మకు కోపమొస్తుందేమోనని టెన్షన్ పడ్డాను. ఏమీ అనలేదు, ఇంటికొచ్చాక అమ్మమ్మ జపమాల తెచ్చి నా చేతిలో పెట్టింది. ఒక పూస లేదు, దాని బదులు అమ్మమ్మ దారంతో ముడి వేసుకుంది ఎప్పుడో.