అప్‌డేట్: ఫ్రిజ్‌లో గడ్డకట్టిన ఆలివ్ నూనె, గొంతు మండించిన ఆలివ్ నూనె

తిరుపతిలో కొన్న రెండు ఆలివ్ నూనె సీసాలలో ఒకటి ఫ్రిజ్‌లో గడ్డకట్టిందనీ, రెండవది గడ్డకట్టకపోగా గొంతులో మంట పుట్టిస్తోందనీ, వీటిలో కల్తీది ఏదనీ రెండు నెలల క్రితం అడిగాను. ఓపికగా బదులిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

చిక్కు విప్పింది సీసా వెనుక చిన్న అక్షరాలు చదవమన్న సూచనే. గడ్డకట్టినదాని మీద ముందువైపు ‘ఆలివ్’ అని పెద్దగా ఉన్నా, వెనుక ‘ఆలివ్ పోమెస్ ఆయిల్’ అని ఉంది. అంటే కాయలను పిండగా మిగిలిన పిప్పి నుంచి ద్రావకంతో నూనె రాబట్టి, శుద్ధిచేసి, అందులో కొంత వర్జిన్ నూనె (కాయలను నేరుగా పిండి తీసినది) కలిపినదన్నమాట. మన వైపు వేరుశనగ చెక్క నుంచి తీసే నూనె వంటిదే కనుక దానిని కల్తీ అనలేము, కాని నేను ఇచ్చిన ధరకు మాత్రం అది తగదు.

నేను అనుమానించిన రెండవదే అసలైన ఎక్స్‌ట్రా వర్జిన్, అంటే వర్జిన్ నూనెలలో మేలురకం. చెన్నైలోని ఒక ప్రయోగశాలకు పంపితే ఆమ్లత్వం 0.4 శాతం అని తేలింది. గరిష్ఠ పరిమితి 0.8. శుద్ధిచేసిన నూనెలోనూ ఆమ్లత్వం తక్కువే ఉంటుంది కాబట్టి అదొక్కటే చాలదని చెప్పి, వారు అతినీలలోహిత కాంతి పరీక్ష కూడా చేశారు, అందులోనూ నిలిచింది. గొంతు మంటకు కారణం తాజా నూనెలో ఉండే ఓలియోకాంథాల్ అనే సహజ పదార్థమట.

ఫ్రిజ్ పరీక్ష వృథా. గడ్డకట్టడం కాయ రకాన్ని, నూనెలోని మైనాలను బట్టి మారుతుంది. రంగూ అంతే, రుచి నిపుణులు అది కనబడకుండా నీలిగాజు గ్లాసులు వాడతారు.

ఇప్పుడు కోత తేదీ చూసి, ముదురురంగు అరలీటరు సీసాయే కొంటున్నాను. ఊరగాయలకు మాత్రం మా ఇంట్లో నువ్వులనూనే.