మా వీధికి ఉమ్మడి సామాన్ల గది: ఎలా మొదలుపెట్టాలి, ఎలా నిలబెట్టాలి?

ప్రశ్న: వేళచ్చేరి నివాసి

అందరికీ నమస్కారం. మేము చెన్నైలోని వేళచ్చేరిలో, ఐదు అపార్టుమెంట్లున్న ఒక చిన్న వీధిలో ఉంటున్నాము. మొత్తం 86 ఇళ్లు. వాటిలో ఇరవైకి పైగా తెలుగువారివి, తక్కినవారిలో ఎక్కువమంది తమిళులు. 2023 డిసెంబరు 3, 4 తేదీల్లో మిచాంగ్ తుపాను వర్షాలకు మా వీధిలో నడుములోతు నీళ్లు నిలిచాయి. తుపాను 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటిపోయింది గాని, మా కింది అంతస్తును నీళ్లు వదలడానికి మరో మూడు రోజులు పట్టింది.

ఆ రోజుల్లో చూసినదే నా చేత ఈ ప్రశ్న అడిగిస్తోంది. మా అసోసియేషన్ అంతకుముందే నీళ్లు తోడే పంపు ఒకటి కొన్నది. కాని దాన్ని స్టిల్ట్ పార్కింగులో మీటర్ల పక్కనున్న కొట్టుగదిలో పెట్టి తాళం వేశారు, తాళంచెవి ఏమో ఊళ్లో లేనివారి ఇంట్లో ఉండిపోయింది. తాళం పగలగొట్టి చూసేసరికి పంపు నీళ్లలో మునిగి ఉంది. మా అంతస్తులో ఒక ఇంట్లో ఐదు నెలల పాప ఉండేది. ఆ ఇంట్లో సిలిండరు అయిపోయింది, కరెంటు లేదు కనుక ఇండక్షన్ పొయ్యి పనిచేయదు. చివరకు రెండు కొవ్వొత్తుల మీద చిన్న స్టీలు గిన్నెను పట్టకారుతో పట్టుకుని నీళ్లు కాచి పాలు కలిపాము. ఆ గిన్నె అడుగున పట్టిన మసి ఎంత తోమినా వదలలేదు. ఎదుటి అపార్టుమెంటు మూడో అంతస్తులో ఒకరి దగ్గర నిండు సిలిండరుతో చిన్న గ్యాసు పొయ్యి ఉందనీ, అడిగి ఉంటే తాడు కట్టి దించేవారనీ నీళ్లు తగ్గిన తరువాత మాటల మధ్య తెలిసింది.

ఆ తరువాత ఇంటింటికీ వెళ్లి లెక్క రాశాను. మా వీధిలో 19 డ్రిల్లింగ్ మెషీన్లు, 14 నిచ్చెనలు, 9 మడత మంచాలు ఉన్నాయి. కాని పనిచేసే పంపు ఒక్కటీ లేదు. ఒక ఇంటి యజమాని మొదటి అంతస్తులో పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉన్న గదిని, వీధివారందరూ వాడుకునే ఉమ్మడి సామాన్ల కోసం అద్దె లేకుండా ఇస్తానన్నారు. అందులో ఏమి పెట్టాలి, ఎవరి పూచీ మీద ఇవ్వాలి, మొదటి ఆరు నెలల ఉత్సాహం తగ్గాక గదిని ఎలా నడపాలి? ఇటువంటి పని చేసి చూసినవారు తెలిపితే మేలు చేసినవారవుతారు.

జవాబు: పెరంబూరు నుంచి, రైల్వే వర్క్‌షాపు విశ్రాంత ఉద్యోగి

మీ గది మొదటి అంతస్తులో ఉండటంతోనే సగం సమస్య తీరింది. మిగతా సగం పంపు దగ్గరే ఉన్నది కనుక ముందుగా దాని గురించి వ్రాస్తాను.

వరద వచ్చినప్పుడు ప్రమాదం జరగకుండా ఈబీ (విద్యుత్ బోర్డు) వారు కరెంటు తీసివేస్తారు. కాబట్టి కరెంటు మోటారు ఎంత మంచిదైనా ఆ రోజు పనికిరాదు. పెట్రోలుతో నడిచే రెండంగుళాల పంపు అయితే ఇద్దరు మనుషులు మెట్ల మీదుగా మోయగలరు, నిమిషానికి 500 లీటర్ల వరకు తోడుతుంది. అయితే వీధిలో నీళ్లు నిలిచి ఉన్నంతసేపు పంపు వేసి ప్రయోజనం లేదు, తోడిన నీళ్లు మళ్లీ లోపలికే వస్తాయి. దాని అసలు అవసరం వీధి నీళ్లు తగ్గాక సంపునూ లిఫ్టు గుంతనూ ఖాళీ చేయడానికి వస్తుంది. పన్నెండు వేల లీటర్ల సంపును అరగంటలో తోడి, బురద తీసి, బ్లీచింగ్ పౌడరుతో కడిగితే తప్ప ఆ ఇళ్లవారు మంచినీళ్లు నింపుకోలేరు. సంపులోకి మనిషిని దించేముందు మూత తీసి చాలాసేపు గాలి ఆడనివ్వాలి, పైన మరొకరు తప్పకుండా ఉండాలి.

ఇప్పుడు నిలువ సంగతి. బంకుల్లో దొరికే పెట్రోలులో ఇథనాల్ కలుస్తున్నది, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ట్యాంకులో పెట్రోలు ఉంచి పది నెలలు మూల పెడితే కార్బురేటరులో జిగురు కట్టి, అవసరమైన రోజున తాడు ఎన్నిసార్లు లాగినా ఇంజను అందుకోదు. అందుచేత పని ముగియగానే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను తనంతట తాను ఆగిపోయేవరకు నడిపించి, కార్బురేటరులో చుక్క మిగలకుండా చూడాలి. నడిపే ముందు పంపు పొట్టలో నీళ్లు నింపడం మరువకూడదు, వట్టిగా తిప్పితే సీలు కాలిపోతుంది. నెలకు ఒక ఆదివారం ఎవరో ఒకరు పెద్ద డ్రమ్ము నీళ్లతో, తోడిన నీళ్లు మళ్లీ అందులోకే పడేలా పెట్టి, దాన్ని ఐదు నిమిషాలు నడిపి చూడాలి. వరద కోసమే దాచిన పంపు వరద రోజున పనిచేయగా నేను చూడలేదు. నెలనెలా నడిపిన పంపు మొరాయించగా చూసినది అరుదు. పెట్రోలును మాత్రం ఆ గదిలో నిలువ ఉంచకండి.

ఇచ్చిపుచ్చుకోవడానికి మా వర్క్‌షాపు టూల్ రూములో ఒక పద్ధతి ఉండేది, దాన్నే మీకు సూచిస్తాను. ప్రతి కార్మికునికీ తన నంబరు కొట్టిన ఇత్తడి బిళ్లలు కొన్ని ఇచ్చేవారు. పానా కావాలంటే ఒక బిళ్ల ఇచ్చి తీసుకోవాలి. ఆ బిళ్లను పానా ఉండే మేకుకే తగిలించేవారు. గోడ మీద ప్రతి పనిముట్టు ఆకారాన్నీ రంగుతో గీసి ఉంచడం వల్ల, ఏ వస్తువు లేదో, అది ఎవరి దగ్గర ఉందో గుమ్మంలో నిలబడే చెప్పవచ్చు. మీరు ఇంటికి రెండు బిళ్లలు ఇవ్వండి. రెండూ మేకులకు వేలాడుతున్న ఇంటివారు ఒకటి తిరిగి తెస్తే గాని మూడో వస్తువు అడగలేరు, ఆ మాట ఎవరూ ఎవరికీ ముఖం మీద చెప్పవలసిన అవసరం రాదు. తుపానుకు ఫోన్లు మూగబోయిన రోజున వాట్సాప్ గ్రూపు తెరుచుకోదు. గోడమీది మేకుకు సిగ్నల్‌తో పనిలేదు.

జవాబు: మడిపాక్కం నుంచి

పై సలహాలన్నీ మంచివే. కాని ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్న సామెత ఊరికే పుట్టలేదు. మా అపార్టుమెంటులో ఇటువంటి ప్రయత్నమే ఏడాదిన్నరలో మూతపడింది. వస్తువులు పోయినందుకు కాదు, పాడైన డ్రిల్లును ఎవరు బాగుచేయించాలన్న ఒక్క తగవు తేలకపోవడం వల్ల ఆగిపోయింది. చివరిగా తీసుకున్నవారే ఇవ్వాలని కొందరు, అందరూ పంచుకోవాలని కొందరు పట్టుబట్టారు. దానితో చెడిందని తెలిసిన వస్తువును అందరూ ముట్టుకోవడం మానేశారు. మీరు మొదటి రోజే మరమ్మతుల కోసం నెలకు ఇంటికి ఇరవై రూపాయలో ముప్పై రూపాయలో వసూలు చేసి, అరుగుదల వల్ల చెడినది ఆ నిధి నుంచి, పడవేసి పగలగొట్టినది తీసుకున్నవారి నుంచి అని కాగితం మీద వ్రాయించుకోండి. అసోసియేషన్లు 1975 నాటి తమిళనాడు సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదై ఉంటే, సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి ఆ ఖాతాలోనే ఈ నిధికి వేరే పద్దు పెట్టవచ్చు.

మరొక మాట. జనరేటరు పెడితే దాన్ని ఇళ్లలోకి ఇవ్వకండి. మూసిన చోట నడిపితే వెలువడే విషవాయువు కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు.

జవాబు: కొళత్తూరు గృహిణి

నెల్లూరు జిల్లాలోని మా పుట్టింటి ఊళ్లో రామాలయం వెనుక గదిలో గుండిగలు, గంగాళాలు, అన్నం వార్చే చిబ్బెలు, వంద పైచిలుకు గ్లాసులు ఉండేవి. పెళ్లికైనా, కర్మకైనా ఊళ్లో ఎవరైనా తీసుకువెళ్లవచ్చు. ప్రతి పాత్ర మీదా ‘రామాలయం’ అని చుక్కలు చుక్కలుగా కొట్టించారు. బయానా ఉండేది కాదు. చింతపండుతో తోమి, ఆరబెట్టి, అరుగు మీద బోర్లించి పదేసి చొప్పున లెక్క అప్పజెప్పాలి. ఒక గ్లాసు పోతే డబ్బు పుచ్చుకునేవారు కాదు, అటువంటి గ్లాసే తేవాలి. డబ్బు ఇస్తే వస్తువు తగ్గిపోతుందని మా నాయనమ్మ చెప్పేది.

మీరు పంపులూ పానాలూ చెప్పారు గాని పాత్రల సంగతి ఎవరూ ఎత్తలేదు. వరద ఏ నాలుగేళ్లకో వస్తుంది. బారసాల, గృహప్రవేశం, పుట్టినరోజు నెలకు రెండైనా ఉంటాయి. యాభై స్టీలు పళ్లేలు, గ్లాసులు, రెండు పెద్ద గిన్నెలు పెట్టండి. వాటి కోసం వచ్చే ఆడవాళ్ల వల్లనే ఆ గది తలుపు వారం వారం తెరుచుకుంటుంది, ఆ రాకపోకల్లోనే పంపు ఎక్కడుందో, ఏ ఇంట్లో పసిపాప ఉందో అందరికీ తెలుస్తుంది. బీసెంట్ నగర్‌లో 2017లో రోడ్డు పక్కన పెట్టిన ఉమ్మడి ఫ్రిజ్‌ను నేను చూశాను. మిగిలిన భోజనాన్ని ఎవరైనా ఉంచేవారు, ఎవరైనా తీసుకునేవారు. అక్కడ ఎవరినీ మీరెవరని అడిగేవారు కాదు. మీ గదిలోనూ అద్దెకున్నవారిని సొంత ఇంటివారితో సమానంగా చూడండి. మేము పదకొండేళ్లు అద్దెకున్నాము, క్లబ్ హౌసు తాళం ఓనర్లకే ఇస్తామన్న మాట నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. వాచ్‌మన్ కుటుంబానికి కూడా రెండు బిళ్లలు ఇవ్వండి. వరదలో మొదట మునిగేది వారి గదే.

తిరుగు జవాబు: వేళచ్చేరి నివాసి

ముగ్గురికీ మనసారా కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం ఐదు అసోసియేషన్ల వారినీ కూర్చోబెట్టి మీ జవాబులు చదివి వినిపించాను, తమిళులకు మా పక్కింటి ఆవిడ అక్కడికక్కడే తమిళంలో చెప్పారు. నెలకు ఇంటికి ముప్పై రూపాయలకు అందరూ ఒప్పుకున్నారు. మరమ్మతు షరతు మీద గంటసేపు వాదన జరిగింది గాని చివరకు మడిపాక్కం వారు చెప్పినట్లే వ్రాసుకున్నాము. తాళంచెవులు మూడు చేయిస్తున్నాము. వాటిలో ఒకటి గది పక్కనే ఉండే, ఊరు విడిచి ఎక్కడికీ వెళ్లని వృద్ధ దంపతుల ఇంట్లో ఉంటుంది. అద్దె ఇళ్ల విషయంలో ఒక్కరు అభ్యంతరం చెప్పారు, కొళత్తూరు అమ్మగారి మాటలు రెండోసారి చదివాక ఆయనే వెనక్కి తీసుకున్నారు.

బిళ్లల కోసం ఈ ఉదయం టి.నగర్‌లో పాత్రల మీద పేర్లు కొట్టే దుకాణానికి వెళ్లాను. వాచ్‌మన్ల ఐదు కుటుంబాలతో కలిపి 91 ఇళ్లకు 182 బిళ్లలు, యాభై పళ్లేలు, యాభై గ్లాసులు చెప్పి వచ్చాను. పళ్లేల మీద ఏ పేరు కొట్టాలని దుకాణదారు అడిగితే, వీధి పేరు తమిళంలోనూ తెలుగులోనూ వ్రాసి ఇచ్చాను. పెరంబూరు పెద్దలకు ఒక విన్నపం: పంపు కొన్నాక మొదటి ఆదివారం మీరు వచ్చి, దాన్ని నడపడం, ఖాళీ చేయడం మా పిల్లలకు దగ్గరుండి నేర్పించగలరా? మిమ్మల్ని తీసుకువెళ్లి దిగబెట్టే బాధ్యత మాది.