ఒక పెద్ద ఇల్లా, నాలుగు చిన్న వాటాలా?

ప్రశ్న:
నమస్కారమండీ. అద్దె ఆదాయం కోసం మొదటిసారి ఇల్లు కొనబోతున్నాను. ఇంచుమించు ఒకే ధరకు రెండు బేరాలు వచ్చాయి. ఒకటి 2,400 చదరపు అడుగుల విడి ఇల్లు. రెండోది ఒక్కొక్కటి 400 చదరపు అడుగుల చొప్పున నాలుగు వాటాలున్న కట్టడం. చదరపు అడుగు లెక్కన చూస్తే పెద్ద ఇల్లే చవక. అదే తీసుకోమంటారా?

జవాబు:
చదరపు అడుగు ధర చూసి తొందరపడకండి. అద్దెకు వచ్చేవారికి కావలసింది ఒక వంటగది, ఒక స్నానాలగది, తలుపు వేసుకుంటే తమదనిపించే చోటు. అవి సమకూరాక అదనంగా వచ్చే ప్రతి గదికీ వాళ్ళు ఇచ్చేది తగ్గుతూ పోతుంది. అందుకే విస్తీర్ణం రెట్టింపయినా అద్దె రెట్టింపు కావడం అరుదు.

అసలు చూడవలసింది ఖాళీ నెలల లెక్క. పెద్ద ఇల్లు మూడు నెలలు ఖాళీగా ఉంటే ఏడాది అద్దెలో 25 శాతం పోయినట్లే. నాలుగు వాటాల్లో ఒకటి అన్ని నెలలే ఖాళీగా ఉంటే పోయేది 6.25 శాతం. బ్యాంకు వాయిదా మాత్రం ఒక్క నెల కూడా ఆగదు.

నా పెద్ద ఇల్లు ఐదు నెలలు ఖాళీగా ఉంది. చూడడానికి వచ్చినవారు ప్రతి గదీ తిరిగి, బాగుందని మెచ్చుకుని, చివరికి సగం భాగం ఇస్తారా అని అడిగేవారు. ఇవ్వడానికి ఉన్నది ఒకటే వంటగది. తాళం తీసిన ప్రతిసారీ మూసిన గాలి వాసన ముఖానికి కొట్టేది. అంత దిగులు మీకు వద్దు.

ప్రశ్న:
నాలుగు వాటాలంటే నాలుగు వంటగదులు, నాలుగు స్నానాలగదులు కదండీ. మరమ్మతులు ఎక్కువ కావా?

జవాబు:
తప్పకుండా ఎక్కువే. ఇంట్లో మరమ్మతుల ఖర్చు ఎక్కువగా నీళ్ళున్న చోటే ఉంటుంది. పైగా చిన్న వాటాల్లో మనుషులు తరచుగా మారతారు, మారినప్పుడల్లా సున్నమో రంగో వేయించాలి. ఏడాది అద్దెలో కొంత మొదటే పక్కన పెట్టి, మిగిలినదాన్ని ధరతో పోల్చండి. రెండు ఇళ్ళకూ ఇదే లెక్క వేయండి. మీరు దూరంగా ఉంటూ, చూసుకునే మనిషి కూడా లేకపోతే నేను పెద్ద ఇల్లే మంచిదంటాను.

మరొక సభ్యురాలు:
అమ్మే రోజు గురించి కూడా ఆలోచించండి. ధర ఎక్కువైన కొద్దీ కొనగలిగినవారు తక్కువ, కాబట్టి ఎదురుచూపు ఎక్కువ; ఇది రెండు ఇళ్ళకూ వర్తిస్తుంది. అయితే స్థలం సంగతి వేరు. పెద్ద ఇంటికి ఖాళీ స్థలం ఉండి, వీధి వైపు వెడల్పు బాగుండి, ఆ స్థలాన్ని విడదీసి అమ్మడానికి అనుమతి దొరికేదయితే దాని విలువ వేరుగా కట్టాలి. లోతు మాత్రమే ఉన్న ఇరుకు స్థలానికి ఆ వీలు ఉండదు.

ప్రశ్న:
స్థలం పెద్దగా లేదండీ, ఇల్లే అంతా ఆక్రమించింది. నేనూ ఆ ఊళ్ళోనే ఉంటాను. రేపు నాలుగు వాటాల కట్టడం మరోసారి చూడబోతున్నాను. ఏం గమనించమంటారు?

జవాబు:
మంజూరైన నక్షాలో నాలుగు వాటాలూ ఉన్నాయో లేదో ముందు చూడండి. ఒకే ఇంటిని తర్వాత గోడలు కట్టి విడదీసి ఉంటే నేనైతే వెనుదిరుగుతాను. కరెంటు మీటర్లు నాలుగు ఉండాలి. పైకి వెళ్ళి నీళ్ళ గొట్టాలు చూడండి. ప్రతి వాటాకూ విడిగా వాల్వు లేకపోతే, ఒకరి కుళాయికి వాషరు మార్చాలన్నా నాలుగిళ్ళకూ నీళ్ళు ఆపవలసి వస్తుంది.