అప్‌డేట్: లాటిన్ కోసం నేరుగా వర్జిల్ చదవొచ్చా అని అడిగాను కదా

ప్రాథమిక వ్యాకరణం అయ్యాక సీజర్ వచనం చదవాలా, సరాసరి రోమన్ కవి వర్జిల్ మహాకావ్యం 'ఈనియడ్' పట్టుకోవచ్చా అన్నది నా ప్రశ్న. చాలామంది సీజరే అన్నారు. ఒకరు మాత్రం "రెండో సర్గతో మొదలుపెట్టండి, ఛందస్సు వదలకండి" అన్నారు. ఆ మాటే విన్నాను. ఆ సర్గలోని ట్రాయ్ నగర పతనం మొత్తం చదివేశాను!

నిజంగా దారి చూపింది ఛందస్సే. మామూలు ప్రతుల్లో దీర్ఘాలకు గుర్తులుండవు. 'అ'తో ముగిసే స్త్రీలింగ పదాలకు ప్రథమలో ఆ అచ్చు హ్రస్వం, ఆబ్లేటివ్‌లో (మన తృతీయ, పంచమి లాంటి విభక్తి) దీర్ఘం. రాతలో రెండూ ఒకటే. పాదాన్ని ఆరు గణాలుగా విడగొడితే గురులఘువులు తేలి, చాలాచోట్ల విభక్తి దానంతటదే బయటపడుతుంది. అయితే తర్వాత రెండు హల్లులు వస్తే హ్రస్వమైనా గురువే అవుతుంది, మన పద్యాల్లోలాగే. అలాంటిచోట అర్థాన్నిబట్టి తేల్చుకోవాల్సిందే.

విశేషణం ఒకచోట, దాని నామవాచకం పాదం చివర ఉండటం మొదట్లో బాగా ఇబ్బంది పెట్టింది. సంస్కృత శ్లోకాలు అన్వయించడం అలవాటున్నవారికి ఇది త్వరగా పట్టుబడుతుంది. ట్రాయ్ పూజారి లావోకూన్‌ను పాములు చుట్టేసే ఘట్టం దగ్గర నాకు ఆ అమరికలోని అందం తెలిసింది. చనిపోయిన భార్య క్రెయూసా ఛాయారూపాన్ని కథానాయకుడు ఈనియాస్ మూడుసార్లు కౌగిలించుకోబోయే చోట నిఘంటువు పక్కన పెట్టి, గట్టిగా మళ్లీ మళ్లీ చదువుకున్నాను.

సీజర్ అన్నవారి మాటా కొట్టిపారేయను. వచన వాక్యనిర్మాణం ఇంకా నేర్చుకోవాలి. ఇప్పుడు కార్తేజ్ రాణి డైడో కథ, నాలుగో సర్గ మొదలుపెట్టాను. ఆ సలహా ఇచ్చినవారికి మనస్ఫూర్తిగా ధన్యవాదాలు.